సాబ్ ఎలా ఉన్నారో చెప్పే మనిషి

గరాచర్మలో బస్సెక్కి చిన్నమ్మి ఇంకా సీట్లో కూర్చోలేదు, ఫోన్ మోగింది. ఉత్తరాన ఒక దీవిలోని ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన డాక్టరు. నమస్తే లేదు, పేరు చెప్పుకోవడం లేదు.

"దీదీ, సాబ్ ఈరోజు ఎలా ఉన్నారు?"

"బస్సులో ఉన్నాను నానా. డ్యూటీ ఎక్కాక చెయ్యి."

మిడిల్ పాయింట్ స్టాపు రాకముందే ఇంకో నర్సు అదే అడిగింది. ఆ తర్వాత మోగిన ఫోన్‌ని చిన్నమ్మి ఎత్తలేదు. ఇంకో దీవి డాక్టరు పేరు చూసి, నొక్కేసి, సంచిలో పడేసింది. పక్క సీటావిడ ఉలిక్కిపడి చూసింది. సంచి జిప్పు అంత గట్టిగా లాగింది మరి.

చిన్నమ్మికి యాభై ఎనిమిదేళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి జెట్టీలో మూటలు మోశాడు. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, రోజు కూలీ మీద ఆసుపత్రిలో చేరి తర్వాత పర్మినెంట్ అయింది. దూరపు దీవుల్లోని ఆరోగ్య కేంద్రాల నుంచి పెద్ద డాక్టర్లకు వచ్చే ప్రతి ఫోనూ ఆమె చేతుల మీదుగానే పోవాలి. ఏ రోగిని హెలికాప్టర్‌లో తేవాలో, ఎవరిని ఓడలో పంపితే సరిపోతుందో తేల్చేది పెద్ద డాక్టర్లే.

సాబ్ అంటే డాక్టర్ దేవేంద్ర, సర్జన్. ఇదే ఊళ్లోని లంబాలైన్‌లో కిరాణా కొట్టు నడిపిన తెలుగు కుటుంబంలో పుట్టి, మెయిన్‌లాండ్‌లో చదివి, తిరిగొచ్చినవాడు. చేయి మంచిది. ఆ మాట ఆయనంటే పడనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. నోరు మాత్రం దీవులన్నిటికీ తెలుసు. పదేళ్ల కిందట ఒక నర్సు తప్పు రిపోర్టు చదివిందని రిసీవర్ని గోడకేసి కొట్టాడు. ఆ వారంలోనే ఒక జూనియర్ డాక్టరు చిన్నమ్మికి ఫోన్ చేసి, "దీదీ, సాబ్‌కి కలిపే ముందు ఆయన మూడ్ ఎలా ఉందో కాస్త చెప్తారా?" అని అడిగాడు. ఆమె చెప్పింది.

అలా మొదలైంది. పొద్దున్న ఆయన మొదటిసారి ఫోనెత్తి "ఊఁ" అన్న తీరుని బట్టి ఆమె అంచనా కట్టేది. బాగుంటే "ఇప్పుడే చేసీయి" అనేది. బాగోకపోతే "టీ తాగాక కలుపుతాన్లే, ఆగు" అనేది. ఫోన్ చేసే పిల్లలు, కుర్ర డాక్టర్లూ నర్సులూ, బతికిపోయామనుకునేవాళ్లు. సెలవులకి పోర్ట్ బ్లెయిర్ వచ్చినప్పుడు నిమ్మకాయలు, ఎండు చేపలు తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టేవాళ్లు. చిన్నమ్మికి గర్వంగా ఉండేది. "ఆయనకి సలాం కొడతారు, అడిగేది మాత్రం నన్నే" అని ఇంట్లో చెప్పుకునేది.

ఒక మనిషి కోపం చుట్టూ ఒక ఆసుపత్రి ఇలా ఏర్పాట్లు చేసుకుంది. ఆ కోపాన్ని తగ్గించుకోమని పదేళ్లలో ఒక్క అధికారీ ఆయనకి చెప్పలేదు. చెప్తే సెలవు పెడతాడని భయం. ఆయన సెలవు పెడితే కత్తి పట్టేవాడు ఇంకొకడు లేడు.

చివరికి ఈ ఏడాది నర్సులంతా కలిసి ఫిర్యాదు ఇచ్చారు. దాంతో విశాఖపట్నం నుంచి వాసవి అనే మానసిక వైద్యురాలిని పిలిపించి డాక్టర్లకి రెండు రోజుల శిక్షణ పెట్టారు. రోగులతో, కింది ఉద్యోగులతో ఎలా మాట్లాడాలి, పనిలో కోపాన్ని ఎలా అదుపులో పెట్టుకోవాలి అన్నది విషయం. దేవేంద్ర వెళ్లాడు. మొదటి రోజు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండో రోజు మాత్రం ఒక సలహా నచ్చింది. కోపం రాగానే నోరు తెరవొద్దు, నాలుగు సార్లు నిదానంగా ఊపిరి తీసుకోవాలి.

ఆయన అది నేర్చుకున్నాడు. ఏ పనైనా పట్టుదలగా నేర్చుకునే మనిషి. ఆ తర్వాత ఆసుపత్రిలో అరుపులు వినపడలేదు. పై అధికారులు చాలా సంతోషించారు.

ఫోన్ అవతలి వాళ్లకి మాత్రం నరకం మొదలైంది. ఇదివరకు తిట్టేవాడు, తిట్లలోనే ఏం చెయ్యాలో చెప్పేవాడు. ఇప్పుడు ఏమీ అనడం లేదు. "హలో సర్" అంటే అటునుంచి నిశ్శబ్దం. ఊపిరి చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం. తప్పు మాట్లాడామా, లైను పోయిందా, ఆయన కళ్లు మూసుకుని పళ్లు కొరుకుతున్నాడా, తెలియదు. పిల్లలు మాట తడబడి, సగంలో సారీ చెప్పి పెట్టేసేవాళ్లు. చిన్నమ్మికీ లెక్క తప్పింది. ఆ "ఊఁ" ఇప్పుడు రోజూ ఒకేలా ఉంటోంది. ఏదీ తెలియనప్పుడు ఆమె చెప్పేది ఒకటే: "ఆగు."

అలాంటి ఒక మధ్యాహ్నం మధులత ఫోన్ చేసింది.

దక్షిణాన ఒక దీవిలో కాంట్రాక్టు డాక్టరు ఆ అమ్మాయి. ఇరవయ్యారేళ్లు. చిన్నమ్మిని దీదీ అనే పిలుస్తుంది.

"దీదీ, అసిరయ్య అని బోటు మీద పని చేసే మనిషి. గజ్జల్లో పేగు దిగి బిగుసుకుపోయింది. వాపు నల్లబడతోంది. చీకటి పడకముందే హెలికాప్టర్ కావాలి, సాబ్ సరే అంటే చాలు. ఎలా ఉన్నారు?"

"ఇప్పుడే ఆపరేషన్ థియేటర్ నించి వచ్చాడమ్మా. ఎవుళ్తోనీ మాటాడ్డం లేదు. ఎలాగున్నాడో నాకే తెలడం లేదు. ఓ గంటాగు, నేనే కలుపుతాను."

"గంటా? దీదీ..."

"నా మాటిను. ఇప్పుడు కలిపితే రెండు ముక్కలు మాటాడి భయపడి పెట్టీసుకుంటావు. కాస్త నిమ్మళించనీ."

మధులత ఆగింది. చిన్నమ్మి మాట తప్పలేదు, గంటకి కలిపింది. దేవేంద్ర విన్నాడు, వెంటనే హెలికాప్టర్‌కి ఊఁ అన్నాడు. కాని అప్పటికే నాలుగున్నర, ఈ దీవుల్లో ఐదింటికే చీకటి. హెలికాప్టర్ ఎగరలేదు. అసిరయ్య మర్నాడు ఓడలో వచ్చాడు. దేవేంద్ర ఆపరేషన్ చేసి ప్రాణం కాపాడాడు. కుళ్లిన పేగు కోసేసి, పొట్ట మీద రంధ్రం చేసి సంచి తగిలించాడు. బోటు మీద వలలు లాగే మనిషి ఇప్పుడు చొక్కా కింద మలం సంచి పెట్టుకుని అక్క ఇంటి వరండాలో కూర్చుంటున్నాడు.

ఆలస్యం ఎందుకైందో రాసివ్వమని మధులతకి మెమో వచ్చింది. 'సాబ్ మూడ్ ఎలా ఉందో ఆపరేటర్ని అడుగుతూ ఆగిపోయాను' అని సర్కారు కాగితం మీద ఎవరు రాస్తారు? లైను దొరకలేదని రాసింది. ఆ రోజు లైన్లన్నీ బాగానే ఉన్నాయని టెలిఫోన్ వాళ్లు తేల్చారు. ఇప్పుడు ఆలస్యానికి తోడు అబద్ధం కూడా ఆ పిల్ల నెత్తిన పడింది. వచ్చే నెలలో కాంట్రాక్టు పొడిగించాలి. పొడిగించరని ఆసుపత్రి అంతా అనుకుంటోంది. దీదీ పేరు మాత్రం మధులత ఎక్కడా ఎత్తలేదు.

బస్సులో చిన్నమ్మి జిప్పు అలా లాగడానికి కారణం ఇది. ఆ ఉదయమే ఇంట్లో గొడవైంది. ఆమె భర్త మణికుమార్ మిడిల్ పాయింట్‌లో మోటార్లు బాగుచేసే షాపు నడుపుతాడు.

"నీకెందుకే? రెండేళ్లలో రిటైరవుతావు" అన్నాడు, ఇడ్లీ తుంపుతూ. "నువ్వు సెప్తే ఆ పిల్ల మెమో తీసి నీకంటిస్తారు. అంతేగా?"

"అంతే. నాకంటించనీ."

"పెద్ద హీరోయినివి. ఆ సాబ్ ఏం చేశాడు? ఆపమన్నాడా? నువ్వాపావు."

"అదే కదా నా ఒళ్లు మండేది! ఆయన నోరు మూసుకుని మంచోడైపోయాడు. ఆ పిల్ల దొంగైపోయింది. నేను అందరికీ దీదీని. అసిరయ్య సంచి మోస్తన్నాడు. సిగ్గులేదేటి మనకి?"

"మనకేటి, నన్నెందుకు కలుపుతావు?" అంటూ మణికుమార్ రెండో ఇడ్లీ వేసుకున్నాడు. ఆమె కంచం తీసేసింది.

ఆ రోజే శిక్షణ రెండో విడత. మొదటి విడత ఎంత పనిచేసిందో చూడ్డానికి వాసవి మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టర్లతో పాటు ప్రతి విభాగం నుంచి ఒకరు రావాలన్నారు. టెలిఫోన్ గది నుంచి వెళ్లాల్సింది ఎలాగూ చిన్నమ్మే. జూనియర్‌కి హెడ్‌సెట్ అప్పజెప్పి వెళ్లింది.

హాల్లో బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, తెలుగువాళ్లు కలిసి ఉన్నారు కాబట్టి మాటలు హిందీలో నడిచాయి. వాసవి మొదటి విడత ఫలితాలు చదివింది. అభిప్రాయాలు రాసిన అందరూ దేవేంద్ర గారి ప్రవర్తన చాలా బాగుపడిందన్నారట. చిన్నమ్మి పక్కనున్న నర్సు గొణిగింది. "ఆయన్ని పక్కనే కూర్చోబెట్టి ఫారం నింపమంటే ఇంకేం రాస్తాం?"

తర్వాత వాసవి రెండు కుర్చీలు వెన్ను కలిపి వేయించింది. తీగలు తీసేసిన పాత ఫోన్లు రెండు పెట్టింది.

"ఈసారి తిరగేద్దాం. దేవేంద్ర గారూ, మీరు దూరపు దీవిలో జూనియర్ డాక్టరు. రోగి గురించి సర్జన్‌కి ఫోన్ చేస్తారు. సర్జన్‌గా ఎవరు చేస్తారు?"

ఎవరూ లేవలేదు. వెనక నుంచి ఎవరో అన్నారు. "దీదీ! ఆయన గొంతు దీదీకి వచ్చినట్టు ఎవరికొచ్చు?"

హాలు నవ్వింది. చిన్నమ్మి వెళ్లి కూర్చుంది. దేవేంద్ర రిసీవర్ ఎత్తాడు.

"హలో సర్, దక్షిణ దీవి నుంచి మాట్లాడుతున్నాను..."

"దీవికి పేరుంది, నీకు లేదా?" చిన్నమ్మి గొంతు ఒక్కసారిగా మగగొంతైంది. "పల్స్ ఎంత? చూడలేదా? చూడకుండా నాకెందుకు చేశావ్, నా పాట వినడానికా? నీకు డిగ్రీ ఇచ్చినోడెవడు? వాణ్ణి లైన్లోకి రమ్మను. ముందు వాడికి ఆపరేషన్ చేస్తాను!"

హాలు దద్దరిల్లింది. వార్డు బాయ్‌లు బల్లలు చరిచారు. దేవేంద్ర కూడా నవ్వాడు.

"బాప్‌రే. ఇది నేనేనా దీదీ?"

"మీరే బాబూ. ఆడోళ్లున్నారని తగ్గించాను."

వాసవికి ఉత్సాహం వచ్చింది. "అది పాత దేవేంద్ర గారు. ఇప్పుడు శిక్షణ తర్వాత దేవేంద్ర గారిని చెయ్యండి."

చిన్నమ్మి చీర కొంగు సర్దుకుంది. రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుంది.

"హలో సర్" అన్నాడు దేవేంద్ర. "నా పేరు దేవేంద్ర, దక్షిణ దీవి ఆరోగ్య కేంద్రం. ఒక కేసు ఉంది."

చిన్నమ్మి ఏమీ అనలేదు.

"సర్? వినిపిస్తోందా?"

"ఊఁ."

"యాభై ఏళ్ల మగ మనిషి సర్. గజ్జల్లో..." ఆగాడు. అటునుంచి ఊపిరి చప్పుడు వస్తోంది. లోపలికి, బయటికి. "సర్, లైన్లో ఉన్నారా?"

లోపలికి, బయటికి. హాల్లో ఎవరూ నవ్వడం లేదు.

"సర్... నేనేమైనా..." ఆయన వెనక్కి తిరిగి చూడబోయాడు. కుర్చీలు వెన్ను కలిపి ఉన్నాయి, ఆమె ముఖం కనపడలేదు. "బిజీగా ఉన్నట్టున్నారు. నేను తర్వాత చేస్తాను సర్."

రిసీవర్ పెట్టేశాడు.

చిన్నమ్మి లేచి ఆయన ఎదుటికి వచ్చింది. ఆమె రిసీవర్ ఇంకా చేతిలోనే ఉంది. ఇక హిందీ లేదు.

"పెట్టీసావేటి?"

సాబ్‌ని ఆమె నువ్వు అనడం ఆసుపత్రిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"రోగికి ఏటైందో సెప్పకుండానే పెట్టీసావేటి బాబూ? ఉత్తుత్తి ఫోనుకే నువ్వు పెట్టీసావు. మధులత పెట్టలేదు. వాపు నల్లబడతంది, హెలికాప్టర్ కావాలి, సాబ్‌కి కలపండి అని పగలుండగానే అంది. నేనే ఆగమన్నాను. నీ ఊఁకి అర్థం తెలక ఆగమన్నాను. మెమో ఆ పిల్లకిచ్చారు. నాకివ్వండి!"

"దీదీ" అన్నాడు దేవేంద్ర. ముఖం ఎర్రబడింది. "ఇది ఇక్కడ మాట్లాడే విషయం కాదు."

"మరెక్కడ? నీ గదిలోనా? నీ గదికెవులొస్తారు?"

"కాల్ ఆపింది మీరు! నేనెప్పుడైనా ఆపమన్నానా?"

"అన్లేదు. అందరూ నన్నడిగే నీకు చేస్తారని నీకు తెల్దా? పదేళ్లు తెల్దా? సెప్పు!"

దేవేంద్ర ఊపిరి తీసుకోబోయాడు. ఒకటి తీసుకున్నాడు. రెండోది తీసుకోలేదు.

"తెలుసు" అని అరిచాడు. అంతకాలానికి మళ్లీ ఆ అరుపు. "తెలుసు! నాకూ బాగానే ఉండేది. ఫోన్లు తగ్గేవి. రెండు పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. పగలు నేనే, రాత్రి నేనే. జ్వరంతో కోశాను, మా నాన్న పోయిన మూడో రోజు వచ్చి కోశాను. ఎవడు అడిగాడు నేనెలా ఉన్నానని? మీరంతా అడిగారు, రోజూ అడిగారు, నన్ను కాదు, ఆవిణ్ణి!"

"అయితే ఆ పోస్టులు నింపనోళ్ల మీద అరవ్వేటి? ఇదిగో ముందు వరసలోనే కూకున్నారు. ఆళ్ల ముందు ఊపిరి పీల్చుకుంటావు. పిల్లల మీదేటి నీ పెతాపం?"

ముందు వరసలో ఒక అధికారి గొంతు సవరించుకుని, టీ విరామం ఇద్దామా అన్నాడు. ఎవరూ లేవలేదు. వాసవి తన చేతిలోని కాగితాలు మడిచి సంచిలో పెట్టింది. ఆమెకీ కోపంగానే ఉంది. "నోరు ఎలా మూసుకోవాలో నేర్పి వెళ్లాను. ఎలా వినాలో నేర్పలేదు. టీ తర్వాత కాదు, ఇప్పుడే మొదలుపెడదాం" అంది.

ఆ మధ్యాహ్నమంతా కుర్చీలు ఎదురెదురుగా వేసి ఒకే పని చేయించింది. ఫోనెత్తినవాడు ముందు "వింటున్నాను, చెప్పు" అనాలి. విన్నదాన్ని తిరిగి అవతలివాడికి చెప్పాలి. కోపం వస్తే కోపంగా ఉన్నానని, అది నీ మీద కాదని నోటితో చెప్పాలి. దేవేంద్రకి అది మాత్రం సరిగ్గా రాలేదు. "నీ మీద కాదు" అన్న ప్రతిసారీ అవతలివాడి మీదే అన్నట్టు వినపడింది.

చిన్నమ్మి ఆ వారమే రాతపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చింది. మధులత మీద ఆలస్యం ఆరోపణ ఎత్తేశారు. అబద్ధం రాసినందుకు హెచ్చరించి, ఏడాదికి బదులు ఆరు నెలలే పొడిగించారు. ఆ పిల్ల ఫోన్ చేసి ఏడ్వబోతే, చిన్నమ్మి "ఏడవకు, ఇంకోపాలి నన్నడగకుండా ఆయనకి చెయ్యి" అని పెట్టేసింది. హెలికాప్టర్ కేసులకి ఆపరేటర్ అక్కర్లేదని ఆర్డరు వచ్చింది. దేవేంద్ర సొంత నంబరు ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీదా అతికించారు. నేరుగా మొదటి ఫోన్ చేసిన నర్సు చెప్పడం ప్రకారం, ఆయన తిట్టాడు. తిడుతూనే కేసంతా మొదటినుంచి చివరిదాకా తిరిగి అప్పజెప్పాడు. హెలికాప్టర్ వెలుతురుండగానే లేచింది.

ఖాళీ పోస్టులు రెండూ ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్లెవరికీ మెమో రాలేదు.

మెమో చిన్నమ్మికి వచ్చింది. టెలిఫోన్ గది నుంచి తీసి ఓపీ చీటీల కౌంటర్లో వేశారు. అద్దం వెనక కూర్చుని పేరు, ఊరు అడిగి చీటీ ఇవ్వడం పని. మణికుమార్ "నేను సెప్పలేదా?" అని అడగడానికి వారం రోజులు ధైర్యం చెయ్యలేదు. అడిగిన రోజు మళ్లీ కంచం పోగొట్టుకున్నాడు.

పోయిన సోమవారం కౌంటర్ ముందు వరసలోకి అసిరయ్య వచ్చాడు. సంచి తీసేసి పేగు మళ్లీ కలిపే ఆపరేషన్‌కి పరీక్షలు చేయించుకోవాలి. వదులు చొక్కా వేసుకున్నాడు. వెంట అక్క ఎరుకమ్మ ఉంది. ఆసుపత్రిలో జరిగిన గొడవ దీవులన్నీ తిరిగింది కాబట్టి అతనికీ చేరింది. కాగితాలు అద్దం కన్నంలోంచి లోపలికి విసిరాడు.

"నువ్వేనా ఆ రోజు ఆగమన్నది?"

"నేనే."

"ఎందుకాగమన్నావు?"

"సాబ్ కోపానికి భయపడి."

"ఆయన కోపం ఆయనది. కడుపు నాది కదే!"

వరసలో వెనకున్నవాళ్లు మాటలాపి చూశారు. ఎరుకమ్మ అతని చెయ్యి లాగింది, విదిలించుకున్నాడు. చిన్నమ్మి తల దించలేదు, క్షమించమని అనలేదు. చెదిరిన కాగితాలు వరసగా పేర్చింది.

"లోపల ఆయనే ఉన్నాడు. ఇవాళ ఎలాగున్నాడో నాకు తెల్దు. ఎలాగున్నా నువ్వు అడగాల్సిందంతా అడిగే బయటికి రా."

"అడుగుతాను. నిన్నడిగి కాదు. చీటీ ఇలా తే."

ఇచ్చింది. నంబరు పదిహేడు.